ఆస్ట్రానమీ: ఒక మాట, రెండు దారులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

పోయిన ఎండాకాలం మన సంఘం బడికి ఒక టెలిస్కోపు కొనివ్వాలని తీర్మానించింది. ఆ సంగతి వాట్సాప్ గ్రూపులో పెడుతూ ఒక మిత్రుడు ‘మన బడిలో ఆస్ట్రాలజీ క్లబ్’ అని రాశాడు. ఇంకేముంది, మూడు రోజులు నవ్వులాట. ‘నా కొడుక్కి వీసా వస్తుందా, చూసి చెప్పమనండి’ అని ఒకరు. ‘ముందు మన పెన్షన్ సంగతి చూడమనండి’ అని ఇంకొకరు. చివరికి మన సైన్స్ టీచరమ్మ విసుగుపడి, ‘నవ్వింది చాలు గానీ, ఆ రెండు మాటలకు తేడా ఏందో ఎవరన్నా వచ్చి పిల్లలకు వివరంగా చెప్పండి’ అన్నారు. గ్రూపంతా ఒక్కసారి మౌనం. ఆ మౌనంలో నా పేరు ఎవరు రాశారో వారు ఈ సభలోనే ఉన్నారు.

నేను సివిల్ ఇంజనీరును. ముప్పై ఏళ్లు కాలువల వెంట తిరిగినవాణ్ణి, భాషా పండితుణ్ణి కాను. కానీ మా చదువులో సర్వే సబ్జెక్టు కింద ‘ఫీల్డ్ ఆస్ట్రానమీ’ అని ఒక పాఠం ఉండేది. రాత్రిపూట థియోడొలైట్‌తో ధ్రువ నక్షత్రాన్ని పట్టుకుని అసలైన ఉత్తర దిక్కు ఎటో తేల్చడం అన్నమాట. ఇప్పుడు ఉపగ్రహాలు ఆ పని చేసిపెడుతున్నాయి, ఆ పాఠం ఎవరికీ పట్టదు. ఆ మాట మీద మమకారం మాత్రం నాకు అప్పటినుంచే ఉంది.

ముందుగా ఒక మాట. మన మిత్రుణ్ణి చూసి మనం నవ్వాం గానీ, ఆరువందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఆయన అదే మాట రాసి ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు.

ఈ మాటను విడదీసి చూద్దాం. గ్రీకులో ‘ఆస్ట్రోన్’ అంటే నక్షత్రం. ‘నోమోస్’ అంటే కట్టుబాటు, చట్టం, ఏర్పాటు. దాని వెనక ఉన్న క్రియకు పంచిపెట్టడం అని అర్థం: ఎవరి వాటా ఎంత, ఎవరి చోటు ఎక్కడ అని తేల్చడం. పొలం గట్ల తగాదాలు, నీటి వంతులు చూసినవాళ్లం కాబట్టి మనకు ఆ అర్థం సులువుగానే పట్టుబడుతుంది. ‘ఓయికోస్’ అంటే ఇల్లు. ఇంటి ఏర్పాటు ‘ఎకానమీ’ అయింది. చుక్కల ఏర్పాటు ‘ఆస్ట్రానమీ’ అయింది. ఇక ‘లోగోస్’ అంటే మాట, వివరణ, తర్కం. భూమి గురించి వివరించేది జియాలజీ, జీవుల గురించి వివరించేది బయాలజీ. ఆ లెక్కన నక్షత్రాల శాస్త్రానికి ఆస్ట్రాలజీ అనే పేరే దక్కాలి! మన మిత్రుడి తర్కం అక్షరాలా సరైనదే. భాష మాత్రం తర్కం ప్రకారం నడవలేదు.

నడవకపోవడానికి కారణం ఉంది. మొదట్లో ఆ రెండు మాటలూ ఒకటే. ప్లేటో తన ‘రిపబ్లిక్’లో ‘ఆస్ట్రోనోమియా’ అని వాడాడు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ అదే విద్యను ‘ఆస్ట్రోలోగియా’ అన్నాడు. గురుశిష్యుల మధ్య ఆ మాట మీద పేచీ ఏమీ లేదు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టాలమీ అనే పండితుడు రెండు పెద్ద పుస్తకాలు రాశాడు. ఒకటి గ్రహాల నడక లెక్కించడానికి, దాన్నే అల్మాజెస్ట్ అంటాం. రెండోది ఆ నడక వల్ల మనుషులకు ఏం జరుగుతుందో చెప్పడానికి. రాసిన చెయ్యి ఒకటే. ఏడో శతాబ్దంలో స్పెయిన్‌లోని సెవిల్ బిషప్ ఇసిదోర్ ఈ రెంటికీ తేడా ఉందని తన పదాల పుట్టుకల గ్రంథంలో రాసిపెట్టాడు. కానీ జనం వాడుక ఆయన మాట వినలేదు.

ఇంగ్లీషులోకి ‘ఆస్ట్రానమీ’ ఫ్రెంచి మీదుగా 1200 ప్రాంతంలో వచ్చింది. ‘ఆస్ట్రాలజీ’ రావడానికి ఇంకా దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. అంతదాకా జాతకం చెప్పేదీ ఆస్ట్రానమీయే, గ్రహణం లెక్కించేదీ ఆస్ట్రానమీయే. షేక్స్‌పియర్ 1609లో అచ్చయిన తన పద్నాలుగో సానెట్‌లో, నాకూ ఆస్ట్రానమీ తెలుసు గానీ కరువులూ రోగాలూ చెప్పే రకం కాదు అన్న అర్థంలో చమత్కరిస్తాడు. అంటే ఆయన శ్రోతలకు ఆస్ట్రానమీ అనగానే కరువులూ రోగాలూ చెప్పేదనే గుర్తొచ్చేదన్నమాట. అదే కాలంలో గ్రహాలు దీర్ఘవృత్తంలో తిరుగుతాయని తేల్చిన కెప్లర్, ఇల్లు గడవడానికి జాతకాలు వేసేవాడు. ఆయన వేసిన సేనాపతి వాలెన్‌స్టీన్ జాతకం ఇప్పటికీ పేరున్నదే. 1675లో లండన్ దగ్గర గ్రీనిచ్ వేధశాలకు పునాది వేసినప్పుడు దాని అధిపతి ఫ్లామ్‌స్టీడ్ ఆ ముహూర్తానికి రాశిచక్రం గీశాడు. అయితే దాని మీద, చూసి నవ్వకండి మిత్రులారా అనే భావం వచ్చే లాటిన్ మాట కూడా చేర్చాడు. నా దృష్టిలో ఆ రెండు మాటలు విడిపోయింది సరిగ్గా అక్కడే. జాతకం గీసిన మనిషే దాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

విడిపోయినా పాత వాసన పోలేదు. ‘డిజాస్టర్’ అంటే గ్రహచారం బాగాలేకపోవడం. ‘ఇన్‌ఫ్లుయెంజా’ అంటే ఇటాలియన్‌లో ప్రభావం: నక్షత్రాల ప్రభావం వల్ల వచ్చే జబ్బు అని. జాతకాలను నమ్మని డాక్టరు కూడా చీటీ మీద ఆ మాటే రాస్తాడు.

ఇందులో మనకు చుట్టరికం కూడా ఉంది. మా నాయిన నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివిండు. ఆయన నోట ‘సితారా’ అనే మాట తరచుగా వచ్చేది. ఆ పారసీ సితారా, గ్రీకు ఆస్టర్, ఇంగ్లీషు స్టార్, మన సంస్కృతంలోని తార, ఇవన్నీ ఒకే తల్లి పిల్లలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ఋగ్వేదంలో ‘స్తృ’ అనే రూపం ఉంది, అందులో స్టార్ వినబడుతూనే ఉంది కదా. ‘చుక్క’ మాత్రం ఆ కుటుంబం కాదు, అది అచ్చంగా మనది. మా తాతకు ఆస్ట్రానమీ తెలియదు, ఖగోళశాస్త్రం తెలియదు. పిల్లలకోడి తెలుసు, గొల్లకావడి తెలుసు, మంచంకోళ్లు తెలుసు, వేగుచుక్క తెలుసు. బావి కాడికి మోటకు ఎప్పుడు పోవాలో వాటిని చూసి చెప్పేటోడు. చేతికి గడియారం ఉండేది కాదు.

ఇక మన దగ్గర ఆ విద్యకు ఉన్న పేరు జ్యోతిషం. జ్యోతిస్సు అంటే వెలుగు. వేదాంగాల్లో అది ఒకటి. వేదాంగ జ్యోతిషం పని సూర్యచంద్రుల నడక లెక్కించి యజ్ఞాలకు కాలం చెప్పడం. అందులో ఫలానావాడికి పెళ్లెప్పుడు అనే ప్రశ్న లేదు. తర్వాతి కాలంలో జ్యోతిషాన్ని మూడు స్కంధాలుగా చెప్పుకున్నారు: గణితం, సంహిత, హోర. గ్రహణాలు, గ్రహగతులు గణితంలోకి వస్తాయి. వానలు, భూకంపాలు, పంటలు సంహితలోకి వస్తాయి. జాతకాలు హోరలోకి వస్తాయి. ఆ ‘హోర’ అనే మాట ‘అహోరాత్ర’లో ముందు అక్షరం, చివరి అక్షరం తీసేస్తే వచ్చిందని కొందరు అంటారని ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో చెప్పాడు. అందమైన వ్యుత్పత్తే. కానీ అది గ్రీకు ‘హోరా’ అనీ, ఇంగ్లీషు ‘అవర్’, ‘హోరోస్కోప్’ అందులోంచే వచ్చాయనీ పండితుల నిర్ణయం. ఈ విద్యలో యవనులను ఋషుల్లా గౌరవించవలసిందేనని ఒప్పుకున్నవాడూ ఆ వరాహమిహిరుడే. అరువు తెచ్చుకున్నది అరువని చెప్పడానికి ఆయన సిగ్గుపడలేదు.

ఈ హోరతోనే పిల్లలకు ఒక లెక్క చెప్తాను, చాక్‌పీసు అక్కర్లేదు. శనివారం తర్వాత ఆదివారం ఎందుకొస్తుంది? ఆకాశంలో మెల్లగా కదిలేదాని నుంచి వేగంగా కదిలేదాని వరకు పాతవాళ్లు పెట్టిన వరుస ఇది: శని, గురువు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజుకు 24 హోరలు, ఒక్కో హోరకు ఒక్కో గ్రహం అధిపతి. మొదటి హోర ఎవరిదైతే ఆ రోజు వాళ్లది. 24ను 7తో భాగిస్తే శేషం 3. కాబట్టి శనితో మొదలైన రోజు గడిచాక, 25వ హోర మూడు స్థానాలు జరిగి రవికి వస్తుంది. అది ఆదివారం. అక్కణ్నుంచి ఇంకో మూడు జరగండి, చంద్రుడు, సోమవారం. ఇంకో మూడు, మళ్లీ మొదటికొచ్చి కుజుడు, మంగళవారం. ప్రపంచమంతా వారాల వరుస ఒకటే కావడానికి మూలం ఈ శేషం మూడు. మన లెక్కల సారు ఉంటే ‘రేయ్, శేషాన్ని తక్కువ చేయొద్దురా’ అనేవారు.

సంగతికి వస్తాను. ఇంగ్లీషులో అన్నదమ్ములు వేరుపడితే ఇద్దరికీ చెరో పేరు దక్కింది. తెలుగులో అలా జరగలేదు. జ్యోతిషం అనే పాత ఇల్లు మొత్తం జాతకానికే పోయింది. లెక్కలు కట్టే పెద్దన్న ‘ఖగోళశాస్త్రం’ అనే పేరుతో బడి పుస్తకాల్లోకి వెళ్లాడు. ఖగోళం కూడా పాత మాటే. ఖ అంటే ఆకాశం, దాని గోళం. ఆర్యభటుడి గ్రంథంలో నాలుగో భాగం పేరే గోళపాదం. కానీ మన ఊళ్లో ఎవరి నోటా ఖగోళం అనే మాట రాదు. పరీక్షలో రాస్తాం, బడి గేటు దాటగానే మరిచిపోతాం. ఇంటికెళ్తే పంచాంగం ఉంటుంది. ఆ పంచాంగంలో ఉన్న తిథి, నక్షత్రం, యోగం, కరణం అన్నీ సూర్యచంద్రుల స్థానాల నుంచి వచ్చే లెక్కలే అని మనకు ఏ తరగతిలోనూ తెలియలేదు. వారం సంగతి ఇప్పుడే చెప్పుకున్నాం.

కార్తె సంగతి చూడండి. సూర్యుడు ఒక నక్షత్రం దాటడానికి పట్టే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె. ఇరవై ఏడు కార్తెలు కలిస్తే సంవత్సరం. మన మెట్ట భూముల రైతు మిరుగం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాడంటే సూర్యుడు మృగశిరలోకి ఎప్పుడు వస్తాడా అని అడుగుతున్నట్టే. అది ఖగోళశాస్త్రమే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, ఆ కార్తెలో రోహిణి నక్షత్రం మాత్రం ఎంత వెతికినా కనబడదు. ఎందుకంటే సూర్యుడు ఉన్నదే ఆ దిక్కున, అది పగలు పూట ఆకాశంలో ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. కార్తెల సంవత్సరం నక్షత్రాలతో కొలిచేది. వానలు, ఎండలు మాత్రం భూమి అక్షం వంపును బట్టి వచ్చే ఋతువుల సంవత్సరంతో నడుస్తాయి. నక్షత్ర సంవత్సరం దానికన్నా ఇరవై నిమిషాలు ఎక్కువ. ఇరవై నిమిషాలే కదా అనుకుంటాం. డెబ్బై రెండేళ్లకు అది ఒక రోజవుతుంది. ఆర్యభటుడు తన గ్రంథంలో చెప్పుకున్న 499వ సంవత్సరం నుంచి ఇప్పటికి దాదాపు మూడు వారాలు జరిగింది. అందుకే ఉత్తరాయణం అసలు డిసెంబరు 21, 22 తేదీల్లో మొదలవుతుంటే మనం మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీల్లో చేసుకుంటున్నాం. ఇట్లాగే పోతే ఇంకో పదిహేను వందల ఏళ్లకు మిరుగం జూన్ చివరికి వస్తుంది. కాలువకు వాలు కిలోమీటరుకు ఒక బెత్తెడు తప్పినా చివరి మడికి నీళ్లు చేరవని నా వృత్తి నాకు నేర్పింది. ఆకాశంలోనూ అంతే.

ఈ జరుగుబాటు గురించి గట్టిగా మాట్లాడిన మనిషి మన నేల మీద ఒక గ్రహణం చూడటానికి వచ్చాడు. ఆయన పేరు చింతామణి రఘునాథాచారి, మద్రాసు వేధశాల ఉద్యోగి. 1867లో ఆయన ఆర్ రెటిక్యులై అనే చరతారను, అంటే వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని కనిపెట్టాడు. ఆ మరుసటి ఏడు, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ దక్కనును అడ్డంగా దాటింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ కాచుకున్నాడు. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ కాచుకున్నాడు. రఘునాథాచారి బృందం మకాం వేసింది నిజాం రాజ్యంలోని వనపర్తిలో. అవును, మన పాత పాలమూరు జిల్లా వనపర్తే! ఆ గ్రహణంలో సూర్యుడి అంచు వెలుగును విడదీసి చూసినప్పుడు కనబడ్డ పసుపు గీత వెంట పోయిపోయి శాస్త్రవేత్తలు హీలియం అనే కొత్త మూలకం దగ్గర తేలారు. హీలియోస్ అంటే గ్రీకులో సూర్యుడు. మన పిల్లలు ఆవర్తన పట్టికలో రెండో గడి బట్టీ పడతారు. ఆ కథలో వనపర్తి ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

రఘునాథాచారి పంచాంగాలను కొట్టిపారేయలేదు. పంచాంగంలో లెక్క ఆకాశంలో కళ్లకు కనబడేదానితో సరిపోవాలన్నాడు. కంటికి కనబడే గ్రహణం ఒక సమయానికి, పంచాంగంలో గ్రహణం ఇంకో సమయానికి ఉంటే దిద్దుకోవాల్సింది పంచాంగమే కదా. అందుకని దృగ్గణిత పంచాంగం వేశాడు. దృక్ అంటే చూపు. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా పోయే అరుదైన ఘటన వస్తే, మామూలు జనానికి అర్థమయ్యేలా సంభాషణ రూపంలో చిన్న పుస్తకం రాసి ఇంగ్లీషుతో పాటు దేశభాషల్లోనూ తెచ్చాడు. నేను ఈ ప్రసంగం కోసం చదివినవాటిలో నన్ను బాగా ఆకట్టుకున్న మనిషి ఈయనే. జ్యోతిషం, ఆస్ట్రానమీ అనే రెండు మాటల నడుమ గోడ కట్టకుండా, ఏది చూసి సరిచూసుకోగలమో ఏది కాదో మాత్రం తేల్చి చెప్పాడు.

ఇప్పుడు నా ఇంటి సంగతి ఒకటి. ముందుగానే మా అక్క అనుమతి తీసుకున్నాను.

మా అక్కది మూలా నక్షత్రం. మూలలో పుట్టిన ఆడపిల్ల మామగారికి ఆగదని ఒక మాట మన దిక్కు గట్టిగా ఉంది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మూడు సంబంధాలు వచ్చి, పిల్ల నచ్చి, కాగితం చూసి వెనక్కి పోయాయి. మూడోసారి తర్వాత అక్క మేడ మీదికి పోయి చానాసేపు కిందికి రాలేదు. ఆఖరికి ఊళ్లో ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు: పుట్టిన సమయం రెండు గంటలు జరిపితే పూర్వాషాఢ అవుతుంది, ఎవరు చూడొచ్చారు అని. మా నాయినకు ఇష్టం లేదు. అయినా కాగితం మారింది, నాలుగో సంబంధం కుదిరింది. మా బావ బంగారం లాంటి మనిషి, ఆ సంసారానికి ఏ లోటూ లేదు. మామగారు ఎనభై ఆరేళ్లు బతికారు. దాన్ని నేను రుజువుగా చెప్పను, ఒక్క ఉదాహరణతో సిద్ధాంతం రుజువు కాదని మన బడిలోనే నేర్చుకున్నాం. కానీ అక్క ఇప్పటికీ ఒక మాట అంటుంది: ‘అందరూ కలిసి నేను పుట్టిన గడియను కూడా నాకు లేకుండ చేసిండ్రు’ అని.

మూల అంటే ఏమిటి? వృశ్చికం, తేలు తోక చివర. చంద్రుడు నెలకోసారి, ఇరవై ఏడు రోజుల చిల్లరకు ఒకసారి, ఆ దిక్కుకు వస్తాడు, ఒక రోజు ఉండి పోతాడు. ఆ ఒక్క రోజులో ఈ భూమ్మీద మూడు లక్షలకు పైగా పిల్లలు పుడతారు. తోక కొనన ఉన్న పెద్ద చుక్క చంద్రుడి పక్కన ఉన్నట్టు కనబడుతుంది గానీ, అక్కణ్నుంచి వెలుగు మన దాకా రావడానికి ఐదారు వందల ఏళ్లు పడుతుంది. ఇవాళ కంటికి తగిలే ఆ వెలుగు బయల్దేరింది రాచకొండ, దేవరకొండలను రేచర్ల పద్మనాయకులు ఏలిన రోజుల ప్రాంతంలో. దానికి మా అక్క పెళ్లితో పని ఏముంటుంది? నేను నాస్తికుణ్ణి కాను. కొత్త ఇంట్లోకి పోతే పంతులు గారిని పిలుస్తాను, మంచి రోజు చూస్తాను, పదిమందీ కలవడానికి ఒక రోజు ఉండాలి కదా. కానీ ఒక పిల్ల బతుకు మీద చుక్కను అడ్డం పెట్టడాన్ని మాత్రం శాస్త్రం అనే మాటతో పిలవనివ్వను.

మాట మీద ఇంత పట్టింపు ఎందుకంటారా? హైదరాబాదులో ఇది కోర్టు దాకా పోయింది. 2001లో విశ్వవిద్యాలయాల్లో ‘జ్యోతిర్ విజ్ఞాన్’ పేరుతో డిగ్రీలు పెట్టుకోవచ్చని యూజీసీ అన్నది. సీసీఎంబీ స్థాపకుడు పుష్ప మిత్ర భార్గవ మరికొందరితో కలిసి హైకోర్టుకు వెళ్లారు. అక్కడ కొట్టేస్తే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2004లో అక్కడా ఓడిపోయారు. కోర్సు పెట్టాలా వద్దా అన్నది విద్యా నిపుణులు చూసుకోవాల్సింది, మేం జోక్యం చేసుకోం అన్నది న్యాయస్థానం వైఖరి. కోర్టు తన పరిధి చూసుకుంది, దానికి నేను తప్పుపట్టను. నాకు ఆసక్తి కలిగించింది ఆ పేరు. విజ్ఞాన్ అనే మాట తగిలించకపోతే అంత గొడవ జరిగేదా అని.

అదే హైదరాబాదులో వందేళ్ల కిందట ఏం జరిగిందో కూడా చెప్పాలి. నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన సొంత డబ్బుతో ఇంగ్లండు నుంచి పదిహేను అంగుళాల టెలిస్కోపు తెప్పించి 1901లో ఫిసల్‌బండలో వేధశాల పెట్టాడు. నిజాం పేరు పెట్టుకుంటానని అనుమతి అడిగాడు. అడిగింది మీర్ మహబూబ్ అలీ ఖాన్‌ను, అంటే పాలమూరును మహబూబ్‌నగర్ చేసిన నిజామునే. జఫర్ జంగ్ 1907లో చనిపోయాక వేధశాలను ప్రభుత్వం తీసుకుంది, తర్వాత బేగంపేటకు మార్చింది, 1919లో ఉస్మానియాకు అప్పగించింది. ప్రపంచ దేశాలు తలా ఒక వాటా పంచుకుని ఆకాశం మొత్తాన్ని ఫోటో తీసే పెద్ద పనిలో హైదరాబాదు వాటా కింద అక్కడివాళ్లు ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేశారు. వాటాలు పంచుకోవడం, చోటు తేల్చడం... నోమోస్ అంటే అదే కదా. ఆ పనికి వాడింది ఎనిమిది అంగుళాల దూరదర్శిని. మనం ఇవాళ బడికి ఇచ్చిందీ ఎనిమిది అంగుళాలదే. పోలిక ఊరికే చెప్పాను, దాని ధర మాత్రం వేరు!

ఆ వేధశాల ఉద్యోగి కొడుకు వేణు బాప్పు నిజాం కాలేజీలో చదివి, పైచదువుకు అమెరికా వెళ్లి, 1949లో ఇద్దరు సహచరులతో కలిసి ఒక తోకచుక్కను కనిపెట్టాడు. తర్వాతి కాలంలో ఉస్మానియా వాళ్లు ఇబ్రహీంపట్నం దగ్గర జాపాల-రంగాపూర్‌లో నలభై ఎనిమిది అంగుళాల టెలిస్కోపు పెట్టారు, అది 1968 నుంచి పనిచేసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లాల మీదుగానే పోయింది. రంగాపూర్‌కు దేశవిదేశాల శాస్త్రవేత్తలు వచ్చారు. అదే వేళకు మూడో తరగతి పిల్లలమైన మమ్మల్ని మా నాయనమ్మ తలుపులేసి, కిటికీలకు గోనెసంచులు కట్టి లోపల కూర్చోబెట్టింది. మధ్యాహ్నం పొద్దు మూకినట్టు చీకటై, కోళ్లు గూట్లోకి పోయిన చప్పుడు మాత్రం వినబడింది. సూర్యుడి చుట్టూ అప్పుడు కనబడే తెల్లటి వెలుగు కిరీటం పేరు కరోనా. 2020లో వైరస్ పేరుగా విన్నదాకా ఆ మాట మాలో చాలామందికి తెలియనే తెలియదు.

ఇంతకన్నా వెనక్కి పోతే పాలమూరు జిల్లాలోనే, ఇప్పటి నారాయణపేట జిల్లాలో, కృష్ణా నది ఒడ్డున ముడుమాల్ నిలువు రాళ్లు ఉన్నాయి. పది, పన్నెండు అడుగుల పైన ఎత్తున్న రాళ్లు వరుసలు తీరి ఉంటాయి. వేల ఏళ్ల నాటివని పరిశోధకుల అంచనా. అక్కడ ఒక రాతి మీద గుంటలు చెక్కి ఉన్నాయి, అవి సప్తర్షి మండలం ఆకారమని ఆ చోటును ఏళ్ల తరబడి పరిశీలించిన ఆచార్య కె.పి. రావు అంటారు. ఆ చెక్కినవాళ్లు దాన్ని ఏ మాటతో పిలిచారో చెప్పే రాత లేదు. మంచంకోళ్లు అని అయితే అని ఉండరు, అప్పటికి మంచాలు ఉన్నాయో లేవో! ఈ ఏడు పదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకుపోవడానికి బస్సు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.

ఇక టీచరమ్మ అడిగిన అసలు ప్రశ్న, బోర్డు మీద ఏం రాయాలి? నా అభిప్రాయం: పైన ఇంగ్లీషులో ఆస్ట్రానమీ క్లబ్, కింద తెలుగులో చుక్కల సంఘం. ఖగోళం అని రాసినా నాకు అభ్యంతరం లేదు గానీ, చుక్కల సంఘం అంటే ఊళ్లోని పెద్దమనుషులు, అవ్వలు కూడా మెట్లెక్కి పైకి వస్తారు. వాళ్లు వస్తే పిల్లలకు గొల్లకావడి ఎక్కడుందో చూపిస్తారు. ఆ పేర్లు తెలిసిన తరం వెళ్లిపోతోంది. ప్రతి పిల్లా తన ఇంట్లో ముసలివాళ్లను అడిగి, ఏ చుక్కను ఏమంటారో ఒక నోటుబుక్కులో రాసుకు రావాలని టీచరమ్మను కోరుతున్నాను. నోటుబుక్కులు కూడా మా బ్యాచ్‌వే.

ఈ రాత్రి భోజనాలు ఏడున్నరకు. ఎనిమిదిన్నరకు డాబా మీద టెలిస్కోపు సిద్ధంగా ఉంటుంది. ముందు కంటితోనే చూడండి: తలపైకెత్తితే పిల్లలకోడి, దానికి తూర్పుగా ఎర్రగా మెరిసేది రోహిణి, ఇంకాస్త కిందికి మూడు చుక్కల గొల్లకావడి. ఆ మూడింటి దిగువన మసకగా ఉన్న మరకను టెలిస్కోపులో చూపిస్తాం, అక్కడ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. ఉత్తరాన ధ్రువ నక్షత్రం సుమారు పదిహేడు డిగ్రీల ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు, కాబట్టి రెండు పిడికిళ్లకు కొంచెం తక్కువ. అది మన ఊరి అక్షాంశం, నమ్మకపోతే అట్లాసులో చూసుకోండి. మూల ఇప్పుడు కనబడదు. మే నెలలో రాత్రి పదకొండింటికి ఆగ్నేయం దిక్కున తేలు మొత్తం తోకతో సహా లేస్తుంది. అప్పుడు మా అక్క వస్తానన్నది.

డాబా మెట్లకు రెయిలింగు ఇంకా పెట్టలేదు, పెద్దవాళ్లు చేయి పట్టుకుని ఎక్కండి. దుప్పట్లు తెచ్చుకోండి. సెల్‌ఫోను లైట్లు మాత్రం పైకొచ్చాక వేయకండి.